నలభై ఆరు మగ్గం గుంటలు

రోజు 1

రోజూ ఏం నేర్చుకున్నదీ ఒక పేజీ రాయాలని నమూనా కార్యాలయం నియమం. నేను పదో తరగతి పాసై ముప్ఫై నాలుగేళ్ళయింది. ఆ తర్వాత కాగితం మీద నేను రాసింది రామకోటి, సరుకుల చీటీలు, అంతే. తప్పులుంటే మన్నించాలి.

నా పేరు భద్రావతి. వయసు యాభై. ఈ రోజు ఆర్కిటెక్టు యశస్వి గారి దగ్గర శిక్షణకి చేరాను. ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. నన్ను చూసి, "మీ అమ్మాయి రాలేదా ఆంటీ?" అని అడిగారు. నేనే అని చెప్పాను.

కింద మా ఊళ్ళోకి ఉప్పునీళ్ళు వచ్చి మూడేళ్ళు దాటింది. మా నేతవాళ్ళ కుటుంబాలు నలభై ఆరూ ఈ మెరక మీద రేకుల షెడ్లలో ఉంటున్నాయి. ఇళ్ళు పోసేది యంత్రం. దానికి నమూనా కావాలి. ఏ వృత్తి వాళ్ళ ఇళ్ళని ఆ వృత్తి వాళ్ళలోనే ఒకరు నేర్చుకుని గీయాలన్నారు. మాలో చదువుకున్న పిల్లలందరినీ కరకట్ట పనికి ముందే తీసుకెళ్ళారు. అక్షరం ముక్క వచ్చినవాళ్ళలో మిగిలింది నేను.

కుడిచేతికి పల్చటి తొడుగు ఇచ్చారు. అది వేసుకుని బల్ల మీద గాలిలో వేలు ఆనిస్తే వెలుగు చుక్క పడుతుంది. చుక్కనుంచి చుక్కకి గీత. నాలుగు గీతలు కలిస్తే పలక. పలకని పైకి లాగితే గోడ. మధ్యాహ్నానికి ఒక గది లాగాను.

"ఇప్పుడు తిప్పి చూడండి," అన్నారు యశస్వి గారు. మణికట్టు తిప్పితే గది గిర్రున తిరిగింది. నాకు కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకున్నాను.

"అలవాటవుతుందిలెండి. కానీ ఎప్పుడూ పైనుంచే చూడకూడదు, సరేనా?"

సరేనన్నాను. ఆవిడ అటు వెళ్ళగానే మళ్ళీ పైనుంచే చూశాను. మా ఆయన నేసే చీరల అంచులకి గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి డిజైను గీసి ఇచ్చేది నేనే. ముప్ఫై ఏళ్ళు అలా పైనుంచి చూసిన కళ్ళు ఇవి.

రోజు 4

పక్క బల్ల దావీదుది. తాపీ మేస్త్రి. వాళ్ళ మేస్త్రుల కుటుంబాల తరఫున వచ్చాడు. నాకంటే రెండు నెలల ముందు చేరాడు కనుక నాకు సీనియర్. నేను పని మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటాను. అది చూసి, "నాక్కూడా కలిపి మొక్కేసెయ్యండి అక్కగారూ, ఈ పాడు మెట్లు కుదిరి సావట్లేదు," అన్నాడు.

ఈ రోజు నేర్చుకున్నది: గీసిన ప్రతిదానికీ పేరు ఉండాలి. ఊరికే గోడ, ఊరికే గది ఉండకూడదు. పేర్ల పట్టీలోంచి ఏదో ఒకటి ఎంచుకుని అంటించాలి. వంటగది, పడక, కిటికీ, నీళ్ళ తొట్టి, ఇలా రెండు వందల పదకొండు పేర్లున్నాయి. పేరు లేనిదాన్ని చెకర్ ఒప్పుకోదు. చెకర్ అంటే మనిషి కాదు, మనం గీసింది సరిచూసే యంత్రం. అది ఒప్పుకుంటే పచ్చరంగు. లేదంటే తనే సరిచేసేస్తుంది.

"మా చర్చి గంటకి స్తంభం గీసేనండి," అన్నాడు దావీదు. "పట్టీలో ఆ పేరే లేదు. గంట పీకి పారేసింది. ఇంక నీళ్ళ ట్యాంకు స్తంభం అని పేరెట్టేను. వెంటనే పచ్చ. ఆయ్, ఇప్పుడు మా పాస్టరుగారు ఆదివారం నీళ్ళ ట్యాంకు మోగిస్తారన్నమాట."

"తప్పు కాదా దావీదూ?"

"దేవుడికి గంట వినపడితే చాలండి. పట్టీ ఆయన చదవడు."

నవ్వాను గానీ మనసులో ఒప్పుకోలేదు.

రోజు 9

ఈ పేజీలు యశస్వి గారు చదువుతారని భయంగా, శుభ్రంగా రాస్తున్నాను. ఈ రోజు అడిగాను.

"ఎవరూ చదవరు ఆంటీ. రాశారా లేదా అని మాత్రం యంత్రం చూస్తుంది."

అయితే ఇకనుంచి ఉన్నదున్నట్టు రాస్తాను.

మాకు ఇళ్ళు ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టారు. ఇంట్లో చేరిన నలభై రోజుల్లోగా వృత్తి నడవాలి. తనిఖీకి వస్తారు. మగ్గం ఆడితే ఆ ఇల్లు నేతవాళ్ళ ఇల్లు. ఆడకపోతే వృత్తి కొట్టేసి, అరవై లోపు మగవాళ్ళని కరకట్ట మీదికి పంపుతారు. సముద్రానికి అడ్డంగా రాళ్ళు పేర్చే పని. అక్కడికి వెళ్ళిన మా పిల్లలు ఏడాదికి ఒకసారి కూడా రాలేదు. మా ఆయన మార్కండేయులు గారికి యాభై ఆరు. ఏడేళ్ళ వయసునుంచి మగ్గం తప్ప ఇంకో పని చెయ్యలేదు. రాయి మోస్తే ఆ వేళ్ళు మళ్ళీ పోగు పట్టుకోవు.

అందుకే నాకు ఈ విద్య రావాలి. ఇంతే సంగతి.

రోజు 13

మాది గుంట మగ్గం. ముందుగదిలో గోడ దగ్గర నేలలో గుంట ఉంటుంది. నేతగాడు గుంట అంచున కూర్చుని కాళ్ళు అందులోకి దింపి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. పడుగు నేలకి దగ్గరగా, గదంతా పొడుగునా సాగి ఉంటుంది. నేల చెమ్మ తగులుతుంటే పోగు తెగదు. గుంట లోతు ఇంత అని పుస్తకంలో ఉండదు. ఎవరి కాళ్ళకి తగ్గట్టు వాళ్ళకి తవ్వుకుంటారు.

కార్యాలయం వాళ్ళు ఏది గీసినా అందరికీ ఒకే కొలత పెట్టమన్నారు. నేను వినలేదు. టేపు పట్టుకుని షెడ్లన్నీ తిరిగాను. నలభై ఆరు ఇళ్ళలో మగ్గం మీద కూర్చునేవాళ్ళ మోకాలినుంచి పాదం దాకా కొలిచి, తొక్కుడు చెక్కలు ఆడే జాగా కలుపుకున్నాను.

మా పినత్తగారు సూరాంబ అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఇప్పటికీ నేస్తుంది. చీర మోకాటి దాకా లాగి కాలు చాపింది.

"పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఇంత పరీక్షగా చూళ్ళేదే నా కాళ్ళు. సరిగ్గా రాసుకో. అంగుళం తక్కువైతే నీ నెత్తి మీద కూచుని నేస్తాను."

"రాసుకున్నానండి అత్తయ్యా. ఇరవై ఒకటి."

"నీ మొగుడివెన్ని?"

"ఇరవై ఆరు."

"కొంగ," అంది. షెడ్డంతా నవ్వింది. ఇక్కడికి వచ్చాక మావాళ్ళు అంతగా నవ్వడం అదే మొదలు.

రోజు 20

గుంట గీశాను. నేల పలక మీద చతురస్రం గీసి, దాన్ని కిందికి నొక్కాలి. మూడో ప్రయత్నంలో కుదిరింది. లోపల పక్కలు నున్నగా, అంచు వెడల్పుగా, చెయ్యి పెట్టి చూడాలనిపించేలా వచ్చింది. దావీదు వచ్చి చూసి, "మేస్త్రి పని అక్కగారూ," అన్నాడు. అతని నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఉండదు.

చెకర్‌కి పంపాను. ఎర్రరంగు వచ్చింది. తర్వాత నా కళ్ళముందే నేల మూసుకుపోయింది. "నేలలో రంధ్రం. సరిచేయబడింది," అని రాసింది.

మళ్ళీ తవ్వాను. మళ్ళీ మూసింది. సాయంత్రం దాకా పదకొండుసార్లు.

రోజు 22

యశస్వి గారితో చెప్పాను. పట్టీలో మగ్గం గుంట అనే పేరు లేదని, అందుకే అది కన్నం అనుకుంటోందని.

"కొత్త పేరు చేర్చాలంటే పైవాళ్ళకి రాయాలి ఆంటీ. ఎనిమిది నెలలు పడుతుంది. మీ వీధి పోత ముప్ఫై రోజుల్లో ఉంది."

"పోత ఆపించలేరా అమ్మా?"

"ఆపితే మీ వరస వెనక్కి పోతుంది. రెండేళ్ళు. షెడ్లలో ఇంకో రెండు వానాకాలాలు ఉండగలరా మీవాళ్ళు?"

ఉండలేరు. ఈ వానాకాలానికే ఇద్దరు పోయారు.

"స్టాండు మగ్గం పెట్టుకోవచ్చుగా? అప్పుడు గుంటే అక్కర్లేదు కదా?"

"చెక్క ఇప్పిస్తారా?"

ఈ మెరక మీద చెక్క అనేదే లేదు. మేం కిందనుంచి వచ్చేటప్పుడు కుటుంబానికి ఇంత బరువని లెక్కపెట్టి తెచ్చుకోనిచ్చారు. పేక బిగించే అచ్చు, పోగు విసిరే నాడె, పడుగు కట్టే దండెలు, తొక్కుడు చెక్కలు తెచ్చుకున్నాం. మిగతాదంతా నీళ్ళలో వదిలేశాం.

ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ బల్ల మీద వారానికి ఆరువందల ఇళ్ళు ఉంటాయి. మధ్యాహ్నం అన్నం తింటూ కూడా ఎడమచేత్తో ఆమోదాలు నొక్కుతూ ఉంటారు.

రోజు 26

దావీదు ఒక దారి చెప్పాడు.

"పట్టీలో నేలలో గుంట పెట్టనిచ్చేవి మూడే ఉన్నాయండి. నీళ్ళ తొట్టి అంటే పైన మూతేసి పోసేస్తుంది. లిఫ్టు గుంట అంటే నాలుగంతస్తులుండాలి. మూడోది లెట్రిన్ గుంట. దానికి మూత తర్వాత మనుషులొచ్చి వేస్తారు. ఆ పేరెట్టేసెయ్యండి. ఓ గొట్టం పెడుతుంది, దాన్లోకి మట్టిముద్ద కుక్కేస్తే సరి. మీ గుంట మీకుంటుంది."

"అది మగ్గం గుంట దావీదూ."

"నాకు తెలుసండి. దానికి తెలవదు."

"చెప్పులతో దిగం అందులోకి. దసరాకి కడిగి బొట్టు పెడతాం. మా మావగారు దాని అంచుమీద తల ఆనించి పోయారు. దాన్ని లెట్రిన్ గుంట అని నా చేత్తో నేను రాయలేను."

"రాసేది వెలుగు మీదండి. రాయి మీద కాదు."

"ఎక్కడ రాసినా రాసిందే."

"మీ ఇష్టం అక్కగారూ. కానీ కరకట్ట మీదికెళ్ళేది మీరు కాదు, బావగారు."

ఆ మాట నాకు కోపం తెప్పించింది. అతను చెప్పింది నిజం కనుక వచ్చిన కోపం అని ఇది రాస్తుంటే తెలుస్తోంది. అక్కడ తెలియలేదు. ఇంటికి వెళ్ళాక మా ఆయనతో చెప్పాను. ఆయన నూలు కండె చుడుతూ తలెత్తకుండా, "నీకెలా తోస్తే అలా చెయ్యి," అన్నారు. గట్టిగా ఏదో ఒకటి చెబితే బాగుండేది. కానీ ఆయన ఏ రోజూ నాకు గట్టిగా చెప్పిన మనిషి కాదు.

రోజు 29

దారి దొరికింది. పొద్దున్న పట్టీ అంతా మళ్ళీ మొదటినుంచి చదివాను. నూట ఎనభై ఏడో పేరు, పూజా స్థలం. ఎందుకు తట్టలేదో ఇన్నాళ్ళూ! మగ్గం గుంట పూజా స్థలం కాక మరేమిటి? అబద్ధం ఆడనక్కర్లేదు. ఉన్నమాటే.

పేరు అంటించి పంపాను. పచ్చరంగు! కింద చిన్న అక్షరాల్లో "సవరణ: మట్టం" అని ఏదో ఉంది. గీత అటూ ఇటూ అయితే చెకర్ సర్దుతుందని తెలుసు కనుక పట్టించుకోలేదు. పైనుంచి చూశాను. గోడ దగ్గర, ముందుగదిలో, నేను గీసినచోటే, నేను గీసిన కొలతలతో చతురస్రం అలాగే ఉంది. మూసుకుపోలేదు. నలభై ఆరు ఇళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పంపాను. నలభై ఆరూ పచ్చ.

స్వామి దయ అనుకున్నాను. దావీదు దగ్గరికి వెళ్ళి, "చూశావా, అబద్ధం ఆడకుండానే అయింది," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత గర్వం ఉందో నాకే వినిపించింది.

"మంచిదేనండి," అన్నాడు. "ఓసారి తిప్పి చూసుకున్నారా?"

"చూశాను," అన్నాను.

చూడలేదు. అబద్ధం ఆడకుండా అయిందని చెప్పిన నోటితోనే ఆడాను.

రోజు 30

యశస్వి గారు నలభై ఆరు నమూనాలకి ఆమోదం నొక్కారు. పది క్షణాలు పట్టింది. పచ్చగా ఉంటే ఆవిడ తెరిచి చూడరు. షెడ్లలో బెల్లం ముక్కలు పంచాను.

రోజు 50

పోత మొదలైంది. యంత్రం నాలుగు కాళ్ళ మీద వీధి వెంబడి నడుస్తూ, మట్టీ సిమెంటూ కలిపిన ముద్దని సన్నటి ధారగా వదులుతూ గోడలు లేపుతుంది. మమ్మల్ని తాడు ఇవతలే ఆపేశారు. మావాళ్ళంతా వరసగా కూర్చుని చూశారు. మా ఆయన ఆ ధారని చూసి, "పేక వేస్తున్నట్టే ఉందే," అన్నారు. ఒక ఇంటికి ఒక పూట పట్టింది. ఆరడానికి ఒక వారం పెట్టి తలుపులు మూసేశారు.

రోజు 79

ఈ రోజు ఇళ్ళలో చేరాం.

తలుపు తీయగానే మా ఆయన ముందు అడుగు పెట్టారు. నేను హారతి పళ్ళెంతో వెనక ఉన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఆగిపోయారు. ఆయన వీపు అడ్డంగా ఉండడం వల్ల నాకేం కనిపించలేదు.

"ఏవండీ, ఏమైంది?"

ఆయన పక్కకి తప్పుకున్నారు.

గుంట ఉండాల్సిన చోట దిమ్మె ఉంది. గోడ దగ్గర, ముందుగదిలో, నేను గీసినచోటే, నేను గీసిన కొలతలతో. ఇరవై ఆరంగుళాల ఎత్తు.

పళ్ళెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. వీధిలోకి వచ్చాను. ఒక్కొక్క ఇంట్లోంచి మనిషి బయటికి వస్తున్నాడు. ఎవరూ అరవడం లేదు. ఎవరి కాలి కొలత ఎంతో ఆ ఎత్తు దిమ్మె వాళ్ళ ఇంట్లో ఉంది. ఒక్క అంగుళం తేడా లేదు.

సూరాంబత్తయ్య ఒక్కతే మాట్లాడింది. గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా. "దేవుడికి పీట వేసిందిరా నా కోడలు. మీకు కరకట్ట వేసింది."

రోజు 80

నమూనా తెరిచి, మణికట్టు తిప్పి, పక్కనుంచి చూశాను. కళ్ళు తిరిగినా వదల్లేదు. నలభై ఆరు ఇళ్ళలోనూ దిమ్మెలే. పూజా స్థలం నేలకంటే పైన ఉండాలని చెకర్‌లో ఒక నియమం ఉందట. నేను కిందికి ఎంత నొక్కితే అంత పైకి లేపింది. పైనుంచి చూస్తే గుంటా దిమ్మే ఒకేలా కనిపిస్తాయి. రెండూ చతురస్రమే.

యశస్వి గారు చూసి తల పట్టుకున్నారు.

"ఒక్కసారి తిప్పి చూసుంటే కనపడేది కదా ఆంటీ."

"మీరు తెరిచి చూసినా కనపడేదమ్మా."

అలా అంటానని నేనూ అనుకోలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు వచ్చాయి. రానీలే అనుకున్నాను. ఇంతకుముందైతే అలా అనుకునేదాన్ని కాదు.

"మళ్ళీ పోయించండి."

"ముద్ద మనిషికింతని కేటాయింపు. ఒక ఇంటికి ఒకసారే."

"పైవాళ్ళకి మొరపెట్టుకుంటాం."

ఆవిడ గొంతు తగ్గించారు. "మీవాళ్ళే గీశారు కదా అంటారు. ఎవరిళ్ళు వాళ్ళనే గీసుకోమన్నది అందుకే ఆంటీ. తప్పొస్తే ఆఫీసు మీదికి రాకూడదని."

ఇన్నాళ్ళూ ఆ నియమాన్ని మా మీద గౌరవం అనుకున్నాను.

రోజు 88

దావీదు తన మేస్త్రులు నలుగురిని తీసుకొచ్చాడు. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పితే నాకు తేలిగ్గా ఉండేది.

"దిమ్మె కొట్టేద్దామంటే కుదరదండి. దాని కిందా, నేలంతా కరెంటు తీగలు, నీళ్ళ గొట్టాలు ఉన్నాయి. బావగారూ, మీరు దిమ్మె మీద కూచుని కాళ్ళు ఇటు కిందికి వేలాడెయ్యండి. మగ్గాన్నే ఎత్తు లేపుదాం."

గోనె సంచుల్లో మట్టి నింపి, దొంతరలు పేర్చి, వాటి మీద దండెలు కట్టారు. పడుగు సాగదీశారు. చుట్టుపక్కల వాళ్ళంతా గుమ్మంలో గుమిగూడారు. మా ఆయన దణ్ణం పెట్టుకుని దిమ్మె మీద కూర్చుని నాడె విసిరారు. అచ్చు లాగి ఒక దెబ్బ కొట్టారు. సంచులు వేలెడు జరిగాయి. రెండో దెబ్బకి ఇంకో వేలెడు. ఐదో దెబ్బకి పడుగు ఒక పక్కకి ఒరిగింది. పోగులు తెగడం మొదలైంది. నేల చెమ్మ అందని ఎత్తులో, పొడిగాలికి, పట్ పట్ మని.

ఆయన నాడె ఒళ్ళో పెట్టుకుని తెగిన పోగులు అతికిస్తూ కూర్చున్నారు. ఇరవయ్యో ముప్ఫయ్యో అతికించాక ఆపేశారు.

"నువ్వు బట్టని చూసినట్టు చూశావు భద్రా," అన్నారు. "ఇల్లు బట్ట కాదు."

ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఆయన నన్ను అన్న పెద్ద మాట అదే.

రోజు 97

చివరి ఇంటి సోమలింగం గునపం తీసుకుని దిమ్మె పగలగొట్టాడు. నీళ్ళు చిమ్మి వీధంతా చీకటైంది. సాయంత్రానికి ఆ ఇంటికి సీలు వేశారు. అతనూ, పెళ్ళాం, ముసలి తండ్రీ మళ్ళీ షెడ్డుకి పోయారు. ఇంకెవరూ గునపం ముట్టుకోలేదు.

నేను పూజ మానలేదు. ఆ దిమ్మె మీద మాత్రం దీపం పెట్టలేదు. వంటింట్లో డబ్బాల పక్కన పెడుతున్నాను. స్వామికి నేనేం తక్కువ చేశానని ఒక్కసారి అడిగాను. తర్వాత తెలిసింది, నేను కాపాడుకున్నది మగ్గం గుంట పవిత్రతని కాదు. నా చెయ్యి. నా చేతికి మైల అంటకూడదు, అంతే. దావీదు వాళ్ళ గంట ప్రతి ఆదివారం మోగుతోంది.

రోజు 119

తనిఖీ అధికారి వచ్చారు. నడివయసు మనిషి, మర్యాదస్తుడు.

"మగ్గం ఏదండీ?"

మా ఆయన మూట చూపించారు.

"ఆడుతోందా?"

"లేదండి."

"ఇదేంటి మరి?"

"పూజా స్థలం అండి," అన్నాను నేను. నమూనాలో అదే పేరు ఉంది కదా.

ఆయన గుమ్మం బయటికి వెళ్ళి చెప్పులు విడిచి వచ్చారు. దిమ్మెకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకున్నారు. "ఇంత శ్రద్ధగా కట్టుకున్నారు. మంచిది," అని, చేతిలోని పలక మీద మా ఆయన పేరు దగ్గర వృత్తి కొట్టేశారు.

నలభై అయిదు ఇళ్ళలోనూ చెప్పులు విడిచారట. సూరాంబత్తయ్య మాత్రం, "వేసుకునే రా నాయనా, అక్కడ దేవుడేం లేడు," అందట.

రోజు 121

నా శిక్షణ పూర్తయింది. ధ్రువపత్రం ఇచ్చారు. పేర్ల పట్టీలో ఇప్పుడు రెండు వందల పన్నెండు పేర్లున్నాయి. కొత్తది, నేతవారి పూజా దిమ్మె. నలభైకి పైగా ఇళ్ళలో ఒకే వస్తువు పోతపోస్తే అది దానంతటదే పట్టీలో చేరుతుందట. ఎవరికీ రాయనక్కర్లేదు, ఎనిమిది నెలలు అక్కర్లేదు. ఉత్తరాన ఇంకో మెరక మీద నేతవాళ్ళ ఇళ్ళకి అప్పుడే అడిగారట. కింద రూపకల్పన అని నా పేరు ఉంది.

తీసెయ్యమన్నాను. పట్టీలోంచి తీయడానికి పైవాళ్ళకి రాయాలట.

రాశాను. రోజూ ఒకటి రాస్తాను.

రోజు 124

పొద్దున్నే లారీలు వచ్చాయి. మా వీధినుంచి ముప్ఫై ఎనిమిది మంది. మా ఆయన నాడె ఒక్కటి పంచెలో చుట్టుకుని సంచిలో పెట్టుకున్నారు. "అక్కడ దీంతో ఏం చేస్తారండీ?" అన్నాను. "ఊరికే," అన్నారు.

లారీ ఎక్కడానికి ఆయనకి చెయ్యి అందించినవాడు దావీదు. ఆయన ఎక్కాక నావైపు చూసి, "తలుపు గట్టిగా వేసుకో, వానొస్తే చినుకు లోపలికి కొడుతోంది," అన్నారు. అంతే. లారీ కదిలింది. మా ఆడవాళ్ళు ఎవరూ నా పక్కన నిలబడలేదు. నిలబడాలని నేనూ ఆశించలేదు.

రోజు 140

నన్ను కార్యాలయంలోనే ఉంచుకున్నారు. నాకు ఇచ్చిన పని కరకట్ట మనుషులు పడుకునే బారకాసు. రెండు వందల నలభై పడకలు, గోడల్లో అరలు అరలుగా, మూడేసి వరసలు. ఒక్కో పడక ఐదున్నర అడుగుల పొడుగు. అంతకు మించితే చెకర్ కోసేస్తుంది. తొమ్మిదిసార్లు ప్రయత్నించాను, తొమ్మిదిసార్లూ కోసింది. మా ఆయన ఆరడుగులకి ఒక అంగుళం తక్కువ.

రోజు 141

పడక చివర, కాళ్ళవైపు గోడలో, ఎనిమిది అంగుళాల లోతున గూడు తొలిచాను. ఆయనకి ఏ పడక ఇస్తారో తెలియదు. అందుకని రెండు వందల నలభైకీ తొలిచాను. పట్టీలో వెతికి, పనిముట్ల అర అని పేరు పెట్టాను. నా చేత్తోనే. పచ్చరంగు వచ్చాక పైనుంచి, కిందనుంచి, నాలుగు పక్కలనుంచి, లోపల పడుకున్న మనిషి కళ్ళతోనూ తిప్పి తిప్పి చూశాను. చిన్న అక్షరాలన్నీ చదివాను.

యశస్వి గారు ఈసారి తెరిచి చూశారు. ఆ దిమ్మెలు చూసిన రోజునుంచి నావి తెరిచే చూస్తున్నారు. గూటి దగ్గర ఆగి, దగ్గరికి లాక్కుని కొలత వేశారు.

"ఇంత చిన్న అరలో ఏం పనిముట్లు పెట్టుకుంటారు ఆంటీ?"

"కాళ్ళు," అన్నాను.

ఆవిడ నావైపు చూడలేదు. ఆమోదం నొక్కి, తర్వాతి ఇల్లు తెరిచారు.